బోర్బన్ పీపాలో మాగిన పుల్ల బీరు: పరిమళమా, కప్పిపుచ్చడమా?

పీపారాజు (శాన్ డియాగో):
మొన్న శనివారం మా ఇంట్లో నలుగురం కూర్చుని ఒక సీసా తెరిచాం. బెల్జియం పద్ధతిలో పులియబెట్టి, చెర్రీలు వేసి, ఏడాదికి పైగా బోర్బన్ (అమెరికా విస్కీ) పీపాల్లో మాగబెట్టిన ముదురు ఎరుపు బీరు. ఇక్కడి చిన్న బ్రూవరీదే, పేరు అక్కర్లేదు. గ్లాసులో పోయగానే వెనిలా, కొబ్బరి వాసన. ఆ వెనుక పుల్ల చెర్రీ, కాస్త తోలు వాసన. నోట్లో దవడలు లాగేసే పులుపు, మింగాక గొంతులో బోర్బన్ వెచ్చదనం. నాకు ఎంతో నచ్చింది. మాలో ఒకరు మాత్రం ఒక్క గుక్క తాగి "ఇది వెనిగర్" అంటూ మిగిలింది సింకులో పోశారు. అడుగుతున్నాను: పుల్ల బీరును స్పిరిట్ పీపాల్లో పెట్టడం తప్పా?

ఉలిపికట్టె:
ఆ ఒకరు నేనే, ముసుగెందుకు? వెనిగర్‌ను వెనిగర్ అన్నాను.

ఇక ప్రశ్నకు వస్తాను. తప్పే. బ్రసెల్స్ చుట్టుపక్కల లాంబిక్ (గాలిలోని ఈస్ట్‌తో పులిసే పుల్ల బీరు) చేసేవాళ్లు పీపాను ఎందుకు వాడతారో తెలుసా? చెక్క రుచి కోసం కాదు. ఎన్నో ఏళ్లు వాడి, రుచంతా దిగిపోయిన పాత పీపాలే వాళ్లకు కావాలి. చెక్క సందుల్లోంచి గాలి అతి కొద్దిగా లోపలికి పోవాలి, లోపలి సూక్ష్మజీవులు రెండు మూడేళ్లు తాపీగా పని చేసుకోవాలి. అంతే. బోర్బన్ సంగతి వేరు. అమెరికా చట్టం ప్రకారం దాన్ని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలి. ఒకసారి ఖాళీ అయిన పీపా మళ్లీ బోర్బన్‌కు పనికిరాదు. స్కాచ్ వాళ్లు కొనగా మిగిలినవి మన బీరు వాళ్ల గుమ్మానికి వస్తాయి. దొరికింది కాబట్టి నింపారు, నింపారు కాబట్టి దానికొక కథ అల్లారు.

మౌనముని:
హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుంది?

బ్రసెల్స్ బాటసారి:
ఉలిపికట్టె గారూ, మీ లాంబిక్ దేశం నుంచే ఒక మాట. బ్రసెల్స్‌లోని ఆండర్లెక్ట్‌లో 1900 నుంచి ఉన్న కాంటియాన్ బ్రూవరీ వాళ్లు ఇప్పటికీ కాచిన ద్రావణాన్ని రాగి తొట్టిలో రాత్రంతా చల్లార్చి, గాలిలోని ఈస్ట్‌తోనే పులియబెడతారు. సంప్రదాయం విషయంలో వాళ్లను మించిన మొండివాళ్లు లేరు. ఆ కాంటియానే కోన్యాక్ (ఫ్రెంచి బ్రాందీ) పీపాల్లో మాగబెట్టిన లాంబిక్‌ను అమ్మింది. దాని పేరు కూడా బ్రూవరీ అక్షాంశ రేఖాంశాలే. వాళ్లకు లేని పట్టింపు మీకెందుకు?

ఉలిపికట్టె:
కోన్యాక్, బోర్బన్ ఒకటేనా? కోన్యాక్ పీపా లోపలి భాగాన్ని మంట మీద వేడి చేస్తారు గానీ బోర్బన్ పీపాలా బొగ్గయ్యేదాకా కాల్చరు. ఆ చెక్క పళ్ల వాసనతో సర్దుకుంటుంది. కొబ్బరి, వెనిలా, కాల్చిన చక్కెర అలా సర్దుకోవు. తీపిని తలపించే వాసన, నోట్లో ఆమ్లం... రెండూ చెరోవైపు లాగుతాయి.

పీపారాజు:
ఆ లాగుడే నాకు ఇష్టమైతే? మీకు నచ్చకపోవడం ఒకటి, అది తప్పు కావడం ఇంకొకటి. పైగా మీరు పట్టుకున్నది లాంబిక్‌ను. మేం తాగింది లాంబిక్ కాదు, ఫ్లాండర్స్ (బెల్జియం ఉత్తర భాగం) ఎర్ర బీరు తరహాది. అక్కడి రూసెలారేలో 1821లో మొదలైన రోడెన్‌బాక్ బ్రూవరీ వాళ్లు చేసేది ఆ తరహా. అందులో సన్నటి వెనిగర్ పదును ఉంటుంది, ఉండాలి కూడా.

ఉలిపికట్టె:
"సన్నటి" అని మీరే అన్నారు. మీ సీసాలో ఉన్నది ఆవకాయకు సరిపోతుంది.

తాడిచెట్టు:
గాలిలోని ఈస్ట్, పులుపు, కొంచెం ఆలస్యమైతే వెనిగర్... మా ఊళ్లో పొద్దున దించిన కల్లును సాయంత్రం దాకా ఉంచితే అయ్యేది ఇదే కదా. దీనికి ఇంత ధర ఎందుకో మాత్రం అర్థం కాలేదు.

ఫోర్ట్ కాలిన్స్ వదిన:
ఇద్దరూ వేర్వేరు బీర్ల గురించి కొట్టుకుంటున్నారు, అది ముందు గమనించండి. లాంబిక్‌లో వెనిగర్ వాసన కొట్టొచ్చినట్టు ఉంటే దోషం. ఫ్లాండర్స్ ఎరుపులో కొద్దిగా ఉంటే దోషం కాదు. ఇక రసాయనం. నేను కొన్నాళ్లు బ్రూవరీ ప్రయోగశాలలో పనిచేశాను కాబట్టి చెబుతున్నాను. ఈ బీర్లలో మంచి పులుపు ఎక్కువగా ల్యాక్టిక్ ఆమ్లం, పెరుగులో ఉండేదే. దాన్ని చేసే బ్యాక్టీరియాకు గాలి అక్కర్లేదు. ఎసిటిక్ ఆమ్లాన్ని చేసే బ్యాక్టీరియాకు గాలి కావాలి. ఖాళీ అయిన పీపాను ఎండబెడితే చెక్కలు ముడుచుకుని సందులు తెరుచుకుంటాయి. అందులో బీరు నింపితే గాలి చొరబడుతుంది, వెనిగర్ పుడుతుంది. స్పిరిట్ పీపాకైనా, వైన్ పీపాకైనా ఇదే. పీపా ఎంత తాజాగా వచ్చింది, పైదాకా నింపారా లేదా అన్నదే ముఖ్యం.

మా ఫోర్ట్ కాలిన్స్‌లోని న్యూ బెల్జియం బ్రూవరీలో పీటర్ బౌకార్ట్ అనే ఆయన చేసిన 'లా ఫోలీ' కూడా పుల్ల బీరే. ఆయన 1996లో రోడెన్‌బాక్ నుంచి ఇక్కడికి వచ్చారు. ఆయన వాడినవి పెద్ద పెద్ద ఓక్ తొట్లు. తొట్టి పెద్దదైతే బీరు పరిమాణానికి చెక్క తగిలేది తక్కువ, గాలీ తక్కువ. బోర్బన్ పీపా 200 లీటర్లే.

ఇంతకీ రాజు గారూ, ఆ రోజు గ్లాసులో పోసేటప్పుడు ఎంత చల్లగా ఉంది?

పీపారాజు:
ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పోశాను, వదినా.

ఫోర్ట్ కాలిన్స్ వదిన:
మరీ చల్లగా ఉంటే పదునైన పులుపు ఒక్కటే నాలుకకు తెలుస్తుంది, సువాసనలు లేవవు. 12 డిగ్రీల దగ్గర తాగి చూడాల్సింది.

ఉలిపికట్టె:
వదిన గారూ, గోళ్లరంగు తుడిచే ద్రావకం వాసన ఏ ఉష్ణోగ్రతలో బాగుంటుంది? ఆ సీసాలో అదీ ఉంది.

పీపారాజు:
ఇందాక వెనిగర్, ఇప్పుడు గోళ్లరంగు ద్రావకం. రేపటికి కిరోసిన్ అంటారేమో! ఆ సీసా నా పదోన్నతికని దాచుకున్నది. అందరి ముందు సింకులో పోసి, "మీకు నాలుక లేదు" అని కూడా అన్నారు. దాని గురించి ఒక్క ముక్క రాయలేదు ఇక్కడ.

మౌనముని:
ఇదా అసలు సంగతి.

ఉలిపికట్టె:
రాయమన్నారు కాబట్టి రాస్తాను. నేనూ ఒక బ్రూవరీలో సభ్యత్వం తీసుకున్నవాణ్ణే. డబ్బు ముందు కట్టాలి, సీసాలు ఏడాది తర్వాత వస్తాయి. వచ్చాయి. రమ్ పీపాలో మాగిన పుల్ల బీరట. మూత తీస్తే గదంతా అదే ద్రావకం వాసన. ఉత్తరం రాశాను. "అది పీపా స్వభావం, మీ నాలుక ఇంకా అలవాటు పడాలి" అని జవాబు. అలవాటు పడాలట! వంద రూపాయల పచ్చడి బూజు పడితే కొట్టువాడు మార్చి ఇస్తాడు. ఇక్కడ పాడైన సరుకు అమ్మినవాడు నాకు పాఠం చెప్పాడు. మీ ఇంట్లో ఆ వాసన మళ్లీ తగిలింది, మీరూ అదే పాఠం మొదలుపెట్టారు: "మొదటి గుక్కకు అందరికీ అలాగే ఉంటుంది, ఇంకో గుక్క తాగండి" అని.

పీపారాజు:
ఎవరో చేసిన పనికి నా సీసాకు శిక్షా? ఆ మాట అనడంలో తప్పేముంది? కాఫీ, కాకరకాయ మొదటిసారే నచ్చినవాళ్లు ఎంతమంది? బ్రెట్ అనే అడవి ఈస్ట్ చేసే తోలు, పశువుల కొట్టం వాసన నాకూ మొదట్లో నచ్చలేదు. ఇప్పుడు అది లేకపోతే బీరు చప్పగా ఉంటుంది. నాలుక నేర్చుకుంటుంది. నేర్చుకోనని భీష్మించినవాళ్లు తీర్పులు చెప్పకూడదు.

ఉలిపికట్టె:
చూశారా, అందరూ ఈ వాక్యం మరోసారి చదవండి. బీరు బాగాలేకపోతే తప్పు తాగినవాడిది! ఈ నియమం ఉన్నంతకాలం ఏ బ్రూవరీ అయినా ఏ పీపానైనా అమ్ముకోవచ్చు.

బెల్జియంలో ఈ బీరును కాపాడేది పీపా కాదు, కలిపేవాడు. గూజ్ అంటే ఒకటి, రెండు, మూడేళ్ల లాంబిక్‌లను రుచి చూసి కలిపినది. రోడెన్‌బాక్ వాళ్ల గ్రాండ్ క్రూ బీరులో మూడింట రెండు వంతులు రెండేళ్లు మాగినది, ఒక వంతు లేతది. ఏ పీపా ఎటు పోయిందో నాలుకతో తేల్చి, చెడినదాన్ని పక్కన పెట్టేవాడు ఒకడుంటాడు. ఇక్కడ పీపాకు పెట్టిన ఖర్చు రాబట్టుకోవాలి కాబట్టి ఏదీ పారబోయరు. బోర్బన్ వాసన పైన దుప్పటిలా కప్పుతుంది, సీసాకు మైనం ముద్ర వేస్తారు, ధర రెట్టింపు. నాకు బోర్బన్ మీద పగ లేదు.

ఫోర్ట్ కాలిన్స్ వదిన:
పారబోయరన్న మాట అందరికీ అంటగట్టకండి. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా పీపాలకు పీపాలు కాలువలో పోయడం నేను చూశాను. ఇంకొకటి: స్పిరిట్ ఆ లోపాన్ని అంత తేలిగ్గా కప్పదు. ఆ ద్రావకం వాసన ఇథైల్ ఎసిటేట్‌ది. అది ఆల్కహాలు, ఎసిటిక్ ఆమ్లం కలిసినప్పుడు పుడుతుంది. ఈ పీపాల్లో రెండూ దండిగా ఉండవచ్చు.

బ్రసెల్స్ బాటసారి:
అయినా కలిపేవాడి గురించి ఆయన చెప్పింది కొట్టిపారేయలేం. ఇక్కడ సొంతంగా బీరు కాచకుండా, ఇతరుల లాంబిక్ కొని మాగబెట్టి కలపడమే వృత్తిగా బతికేవాళ్లు ఉన్నారు.

పీపారాజు:
నేను తెచ్చిన సీసా కలిపినది కాదని మీకెవరు చెప్పారు? సీసా మీది చీటీ చదివారా? అనేక పీపాలు కలిపామని దాని మీదే రాసి ఉంది.

ఉలిపికట్టె:
కలిపామని రాయడానికి సిరా చాలు.

తాడిచెట్టు:
ఇద్దరూ ఒకే ఊళ్లో ఉన్నారు కదా. పేర్లు దాచి నాలుగు గ్లాసుల్లో పోసి చూసుకోండి.

పీపారాజు:
నేను సిద్ధం. వచ్చే శనివారం. సీసాలు నేనే కొంటాను, సింకుకు మాత్రం తాళం వేస్తాను.

ఉలిపికట్టె:
వస్తాను. ఒక షరతు: ఒకే బ్రూవరీది, ఒకే బీరు, స్పిరిట్ పీపాలో పెట్టినదీ పెట్టనిదీ రెండూ ఉండాలి. అప్పుడే పీపా ఏం చేసిందో తెలుస్తుంది.

పీపారాజు:
అలాంటి జత ఎవరు అమ్ముతారండీ? అడిగి చూస్తాను.

ఉలిపికట్టె:
అడగండి. ఎందుకు అమ్మరో కూడా అడగండి.