కణానికి తన సైజు ఎలా తెలుస్తుంది?

సెల్ సైకిల్ (కణం పెరిగి రెండుగా విడిపోయే క్రమం) చదువుతూ ఒకచోట ఇరుక్కుపోయాను, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

విభజనను నడిపే సీడీకే ఎంజైములు, వాటిని పనిచేయించే సైక్లిన్ ప్రోటీన్లు, అంతా సరిగ్గా ఉందో లేదో చూసే చెక్‌పాయింట్ల వరకు (2001లో హార్ట్‌వెల్, హంట్, నర్స్‌లకు నోబెల్ వచ్చింది వీటి మీదే) ఇబ్బంది లేదు. తంటా అంతా సైజుతోనే. మొగ్గ తొడిగే ఈస్ట్‌లో డబ్ల్యూహెచ్‌ఐ5 అనే ప్రోటీన్ విభజనకు అడ్డుపడుతుంది. జీ1 దశలో (డీఎన్‌ఏకి నకలు తీసే ముందు దశ) కణం పెరిగే కొద్దీ అది పలచబడి, అడ్డు తొలగుతుందట. వినడానికి బాగుంది. కానీ మిగతా ప్రోటీన్లు చాలావరకు కణం సైజును బట్టే తయారవుతుంటే, ఇదొక్కటీ సైజుతో పనిలేకుండా ఎలా తయారవుతోంది? దాని జీన్ దగ్గర ప్రత్యేకమైన ఏర్పాటేమైనా ఉందా?

మన కణాల్లో విభజనకు అడ్డుపడే ఆర్‌బీ ప్రోటీన్ కూడా ఇలాగే పలచబడుతుందంటారు. మరి సైక్లిన్ డీతో కలిసి సీడీకే4/6 దానికి ఫాస్ఫేట్లు తగిలించి అడ్డు తొలగించడం సంగతేంటి? రెండిట్లో అసలు నిర్ణయం దేనిది?

ఇంకోటి. పాల్బోసిక్లిబ్ అనే మందుతో సీడీకే4/6ను ఆపితే విభజన ఆగుతుంది గానీ కణాలు పెరుగుతూనే ఉంటాయి, పెరుగుదలను నడిపే ఎంటార్ ప్రోటీన్ తన పని మానదు కదా. అంటే పెరుగుదలకు, విభజనకు ఉన్న లంకె అంత వదులుగా ఉంటుందా? పలచబడడాన్నీ ఫాస్ఫేట్లనూ విడదీసి చూపించిన ప్రయోగం ఏదైనా ఉంటే, దాన్ని ఎలా చేశారో వివరించండి చాలు.