"పథ్యం కాలేదు" అనే మాట: సొంత పార్టీకి ఎదురు చెప్పినవాడి విషయంలో అది సరిపోతుందా?

నిన్న మన గ్రూపులో ఒక మిత్రుడు ఈ వాక్యం పెట్టి "ఇది సరైన తెలుగేనా?" అని అడిగారు: "యుద్ధం వద్దన్న నాయకుడి మాట సొంత పార్టీకి పథ్యం కాలేదు." కింద చాలామంది "సరైనదే, పేపర్లో రోజూ చూస్తున్నాంగా" అన్నారు. వ్యాకరణం వరకే అయితే నేనూ అదే అంటాను. కానీ ఇలాంటి సందర్భంలో ఆ మాట వాడితే అర్థం తలకిందులవుతోంది. కామెంట్‌లో పట్టేది కాదు కాబట్టి విడిగా రాస్తున్నాను.

ముందు పథ్యం అంటే ఏమిటో మా ఇంట్లో నేర్చుకున్నట్టే చెప్తాను. మాది కోనసీమ. నాకు పన్నెండేళ్ళప్పుడు పచ్చకామెర్లు వస్తే అమ్మమ్మగారింట్లో ఉంచారు. నేల ఉసిరి పసరు పరగడుపున, ఆ తర్వాత రోజంతా చప్పిడి పత్యం. మజ్జిగన్నం, ఉప్పు వేయని బీరకాయ. అప్పుడే చీరమేను (గోదావరిలో దొరికే సన్న చేపపిల్లలు) వచ్చే రోజులొచ్చాయి. యానాం నుంచి మావయ్య గిన్నెడు చీరమేను పట్టుకొచ్చాడు. వంటింట్లో అది వేగుతుంటే ఆ వాసన నా మంచం దాకా వచ్చేది. మావయ్యకి నేనంటే ప్రాణం. "ఒక్క ముద్ద తింటే ఏమవుద్దే అమ్మా, పిల్లోడు చూడు ఎలా అయిపోయాడో" అంటూ ఆకులో కొంచెం పెట్టి తెచ్చాడు. అమ్మమ్మ గుమ్మంలోనే ఆపి ఆకు లాగేసుకుంది. "తిట్టుకుంటే తిట్టుకోనీ. నలభై రోజులు నూనెచుక్క తగలనివ్వను" అంది. ఆ పూట నేను గోడవైపు తిరిగి పడుకుని ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ బతిమాలనూ లేదు. మజ్జిగన్నం గిన్నె పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

మావయ్య తెచ్చింది ప్రియం, అమ్మమ్మ పెట్టింది పథ్యం. ఈ రెండు మాటలనూ పక్కపక్కన నిలబెట్టి చెప్పిన శ్లోకం మీలో చాలామందికి నోటికి వచ్చే ఉంటుంది:

సులభాః పురుషా రాజన్ సతతం ప్రియవాదినః
అప్రియస్య తు పథ్యస్య వక్తా శ్రోతా చ దుర్లభః

"రాజా, ఎప్పుడూ ఇష్టమైన మాటలే చెప్పేవాళ్ళు తేలిగ్గా దొరుకుతారు. ఇష్టం లేకపోయినా మేలు చేసే మాట చెప్పేవాడూ అరుదే, వినేవాడూ అరుదే." ఈ శ్లోకంలో పథ్యం అంటే రుచించేది కాదు. రుచించకపోయినా ఒంటికి మంచి చేసేది. "పథం" అంటే దారి, దారికి తగినది పథ్యం. ఇవాళ మనం "ఆయన మాట వాళ్ళకు పథ్యం కాలేదు" అన్నప్పుడు "వాళ్ళకు నచ్చలేదు" అనే అర్థంలో వాడుతున్నాం. అంటే ప్రియం కూర్చోవలసిన చోట పథ్యాన్ని కూర్చోబెట్టాం. మామూలు సందర్భాల్లో దీనివల్ల పోయేదేమీ లేదు. "కొత్త కోడలి వంట అత్తగారికి పథ్యం కాలేదు" అంటే ఎవరికైనా అర్థమవుతుంది. కానీ యుద్ధం ముందు తన వాళ్ళకే ఎదురు నిలిచిన మనిషి గురించి రాసేటప్పుడు, అతను చెప్పింది పథ్యమా కాదా అన్నదే అసలు ప్రశ్న. అది "పథ్యం కాలేదు" అని రాస్తే ఆ ప్రశ్నకు మనమే జవాబు రాసేసినట్టు.

ఒక ఉదాహరణ చెప్తాను. 2003 మార్చి. ఆ నెల మా ఊళ్ళో ఎంత టెన్షన్‌గా ఉండేదో కోనసీమ వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ప్రతి వీధిలోనూ కువైట్‌లో పనిచేసే మనిషి ఉన్న ఇల్లు ఒకటైనా ఉండేది. మా పిన్ని అక్కడే ఒక ఇంట్లో వంటపని చేసేది. ఇరాక్ పక్కనే కువైట్. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించిన నాటి సంగతులు తెలిసినవాళ్ళు మళ్ళీ అవే రోజులొస్తాయని భయపడ్డారు. ఎస్టీడీ బూత్ దగ్గర గంటలు నిలబడి, లైను కలిస్తే "బాగున్నావా, బయటికి వెళ్ళకు" అని రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేవాళ్ళం. ఆ రోజుల్లోనే రాబిన్ కుక్ పేరు మొదటిసారి విన్నాను.

ఆయన బ్రిటన్‌లో లేబర్ పార్టీ నాయకుడు. 1997 నుంచి 2001 దాకా విదేశాంగ మంత్రి. 2003లో కామన్స్ (బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ) సభానాయకుడిగా టోనీ బ్లెయిర్ మంత్రివర్గంలో ఉన్నారు. ఇరాక్ మీదికి సైన్యాన్ని పంపాలని ప్రభుత్వం నిర్ణయించగానే మార్చి 17న రాజీనామా చేసి, ఆ రాత్రే సభలో, మంత్రులు కాని సభ్యులు కూర్చునే వెనక వరసలోంచి లేచి మాట్లాడారు. ఇరవై ఏళ్ళ తర్వాత వెనక బెంచీల నుంచి మాట్లాడుతున్నానని, ఇక్కణ్ణుంచి చూస్తే ఎంత బాగా కనిపిస్తుందో మర్చిపోయానని మొదలుపెట్టారు. అంతర్జాతీయ అంగీకారం గానీ, దేశంలో మద్దతు గానీ లేకుండా చేసే ఈ యుద్ధానికి మంత్రివర్గ సమష్టి బాధ్యత తాను మోయలేనన్నారు. సామూహిక విధ్వంసక ఆయుధాలు అనే మాటకు మనమందరం చెప్పుకునే అర్థంలో అయితే, ఇరాక్ దగ్గర అవి బహుశా లేవని కూడా చెప్పారు. తర్వాత ఎంత వెతికినా దొరకలేదు.

నాకు ఎక్కువ గుర్తుండిపోయింది మరొకటి. ఈ సంకటాన్ని అడ్డం పెట్టుకుని బ్లెయిర్‌ను దించాలనుకునేవాళ్ళ మీద తనకు సానుభూతి లేదని, వాళ్ళకు తాను ఏ ఊరటా ఇవ్వనని అదే ప్రసంగంలో చెప్పారు. పార్టీని వదల్లేదు, పదవిని మాత్రమే వదిలారు. కామన్స్‌లో చప్పట్లు కొట్టడం ఆనవాయితీ కాదు. అయినా ఆ రాత్రి కొందరు సభ్యులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మర్నాడు ఓటింగ్‌లో ప్రభుత్వ తీర్మానం 412–149తో నెగ్గింది. యుద్ధానికి తగిన ఆధారం ఇంకా చూపలేదన్న సవరణకు 139 మంది లేబర్ సభ్యులు ఓటేశారు. అదీ ఓడిపోయింది. శ్లోకంలో "శ్రోతా చ" అన్న ముక్క ఎందుకు పెట్టారో నాకు అప్పుడు అర్థమైంది. చప్పట్లు కొట్టడం వేరు, వినడం వేరు. కుక్ 2005లో స్కాట్లాండ్ కొండల్లో నడుస్తూ కుప్పకూలి పోయారు. శాంతియుత మార్గాలన్నీ అయిపోకముందే యుద్ధానికి దిగారని, అప్పటికి అది ఆఖరి మార్గం కాదని ఇరాక్ యుద్ధంలో బ్రిటన్ పాత్రపై జరిగిన చిల్కాట్ విచారణ తేల్చింది 2016లో.

ఇప్పుడు చెప్పండి, ఆయన మాట పార్టీకి "పథ్యం కాలేదు" అని రాస్తామా? పథ్యమే అయింది. ప్రియం కాలేదు. "రుచించలేదు" అనండి, "మింగుడుపడలేదు" అనండి, "చెవికెక్కలేదు" అనండి. ఎంత మంచి మాటలున్నాయి మనకి!

ఇక ఆ శ్లోకం గురించి ఇంకొక్కటి చెప్పి తీరాలి. అది ఒక్కరి నోటి మాట కాదు. రామాయణంలో సీతను అపహరించే పన్నాగం విన్నప్పుడు మారీచుడు రావణుడికి చెప్తాడు. లంక విడిచి వెళ్ళే ముందు విభీషణుడూ అదే చెప్తాడు. భారతంలో విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్తాడు. ముగ్గురూ తమ ప్రభువుకు, తమ పక్షానికి ఎదురు చెప్పినవాళ్ళే. ఆ తర్వాత మాత్రం ముగ్గురిదీ మూడు దారులు. మారీచుడు వద్దంటూనే లేడి రూపం ఎత్తి ప్రాణం పోగొట్టుకున్నాడు. విభీషణుడు అవతలి పక్షానికి వెళ్ళిపోయాడు. విదురుడు ఏ పక్షాన్నీ పట్టుకుని యుద్ధం చేయలేదు. భాగవతం తృతీయ స్కంధంలో, దుర్యోధనుడు తిట్టి వెళ్ళగొట్టమన్నప్పుడు, విదురుడు తన విల్లును తనే గుమ్మం దగ్గర పెట్టేసి తీర్థయాత్రలకు వెళ్ళిపోతాడు. "స్వయం ధనుర్ద్వారి నిధాయ" అని ఉంటుంది అక్కడ. రాజీనామా అనే మాటకు నాకు తెలిసినంతలో ఇంతకన్నా అందమైన చిత్రం లేదు. కుక్ చేసింది ఇదే. విల్లు గుమ్మం దగ్గర పెట్టాడు, అవతలివాళ్ళకు అప్పగించలేదు.

మన వాడుకలో మాత్రం మిగిలింది విభీషణుడొక్కడే. అదీ తిట్టుగా. "ఇంటిగుట్టు లంకకు చేటు." గోదావరి పాయల మధ్య పెరిగినవాళ్ళకు లంక అంటే ముందు గుర్తొచ్చేది ఏటి మధ్య ఊరే. చిన్నప్పుడు ఈ సామెత మా లంక గురించే అనుకునేవాణ్ణి. ఇంట్లో రహస్యం బయటపెడితే వరదొచ్చి లంకను ముంచేస్తుందని భయపడేవాణ్ణి. రావణుడి లంక అని బళ్ళో మాష్టారు చెప్పాక భయం పోయింది గానీ, విభీషణుడు గుట్టు చెప్పడానికి ముందు నిండు సభలో ఎన్నిసార్లు మంచి చెప్పాడో ఆ సామెతలో లేదని గ్రహించడానికి చాలా ఏళ్ళు పట్టింది.

*

(సాయంత్రం చేర్చినది.)

భీమవరం నుంచి ఒక మాష్టారు ఇలా రాశారు: "పథ్యం కాకపోవడం అంటే ఒంటికి పడకపోవడం కూడానండీ. వంకాయ పడదు, అపథ్యం అంటాం. అలాగే ఆ మాట పార్టీ ఒంటికి పడలేదు. తప్పేముంది?"

మాష్టారూ, మీరన్నదాంట్లో న్యాయం ఉంది. ఆ దారిలోనే మాట ఈ అర్థానికి వచ్చి ఉంటుందని నేనూ అనుకుంటున్నాను, వాడుకను తప్పు పట్టను. నా బాధల్లా ఒకటే. వంకాయ పడకపోతే దోషం వంకాయది. మంచిమాట పడకపోతే దోషం ఎవరిది? "పథ్యం కాలేదు" అన్న క్షణంలో దోషం మాటమీదికి, చెప్పినవాడిమీదికి పోతోంది.

పాలకొల్లు నుంచి ఒక అక్కగారు అడిగారు: "గోడ దూకాడు, ఫిరాయించాడు, వెన్నుపోటు పొడిచాడు, ధిక్కరించాడు, అన్నీ తిట్లేనా? గౌరవంగా చెప్పడానికి ఒక్క మాట లేదా తెలుగులో?"

అక్కా, ఒకటి ఉంది. "అంతరాత్మ ప్రబోధం." 1969 రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెస్ అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఆయనకే వేయాలనకుండా, అంతరాత్మ చెప్పినట్టు ఓటేయమన్నారు ఇందిరాగాంధీ. వి.వి.గిరి గెలిచారు. ఆ మాట అప్పటినుంచి మన నోళ్ళలో పడింది గానీ, పుట్టిన సందర్భం వల్ల దానికీ కొంచెం రాజకీయపు మరక అంటుకుంది. ఇంకో కారణం కూడా తోస్తోంది. 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూల్ (ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం, పార్టీ తన సభ్యులకు ఇచ్చే ఆదేశమైన విప్‌కు విరుద్ధంగా ఓటేస్తే, పార్టీ పదిహేను రోజుల్లో మన్నిస్తే తప్ప, సభ్యత్వమే పోవచ్చు. బ్రిటన్‌లో కుక్‌కు పదవి పోయింది, సీటు ఉండిపోయింది. మన దగ్గర పార్టీలోనే ఉంటూ సభలో ఎదురు ఓటేసేవాడు అరుదు, కాబట్టి అతనికి పేరు పెట్టవలసిన అవసరమూ పడలేదు. "విప్ ధిక్కరణ" ఒక్కటే మిగిలింది. డబ్బుకో పదవికో గోడ దూకేవాణ్ణి ఆపడానికి ఆ చట్టం కావాలని నేనూ ఒప్పుకుంటాను. కానీ విదురుణ్ణీ ఫిరాయింపుదారునీ అది ఒకే గాటన కట్టేస్తోంది, భాష కూడా దాని వెనకే పోయింది.

కాకినాడ మిత్రుడి ప్రశ్న అన్నిటికన్నా కష్టమైనది: "ఎదురు చెప్పిన ప్రతివాడి మాటా పథ్యమేనా? రాజాజీ సంగతేమిటి?"

కాదు. ప్రతిదీ కాదు. రాజాజీ (చక్రవర్తి రాజగోపాలాచారి) కథ కుక్‌కు తిరగేసినది. 1939లో మనల్ని అడక్కుండా వైస్రాయి భారతదేశాన్ని యుద్ధంలోకి దింపినందుకు కాంగ్రెస్ మంత్రివర్గాలు దిగిపోయాయి. మద్రాసులో రాజాజీ మంత్రివర్గం కూడా. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా, మీ కాకినాడ మీదా బాంబులు వేశాయి. ముస్లిం లీగ్ కోరిన విభజనకు ఒప్పుకుని అయినా సరే జాతీయ ప్రభుత్వం ఏర్పరచి, యుద్ధంలో జపాన్‌ను ఎదుర్కోవాలని రాజాజీ పట్టుబట్టారు. పార్టీ వినలేదు. ముందు వర్కింగ్ కమిటీ నుంచి, జులైలో కాంగ్రెస్ నుంచే బయటికి వచ్చారు. ఆగస్టులో క్విట్ ఇండియా మొదలైనప్పుడు దానికీ ఎదురే నిలిచారు. ఒకరు యుద్ధం వద్దని విడిపోతే, ఇంకొకరు యుద్ధంలో నిలవాలని విడిపోయారు. రాజాజీ చెప్పింది పథ్యమని నేను అనను. క్విట్ ఇండియాలో జైలుకెళ్ళినవాళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి, అనలేను. అయినా ఆయన్ని ఫిరాయింపుదారు అని కూడా అనలేను. రోగానికి మందు తప్పు చెప్పిన వైద్యుడు వేరు, విషం పెట్టినవాడు వేరు. అందుకే "పథ్యం" బిరుదులా ముందే తగిలించే మాట కాకూడదు. ఆ రోజుకు "మింగుడుపడలేదు" అని రాసి, పథ్యమో కాదో కాలానికి వదిలేద్దాం.

మిత్రుడి వాక్యాన్ని నేనైతే ఇలా దిద్దుతాను: "యుద్ధం వద్దన్న నాయకుడి మాట సొంత పార్టీకి మింగుడుపడలేదు."

చివరగా కాకినాడ, కోరంగి వైపు వాళ్ళకు ఒక మనవి. 1942 బాంబుల నాటి కబుర్లు మీ ఇళ్ళలో పెద్దవాళ్ళ నోట విన్నవాళ్ళు ఉంటే, ఆ రోజుల్లో రాజాజీని ఏమనేవాళ్ళో, ఏ మాట వాడేవాళ్ళో కింద రాయండి. అచ్చం వాళ్ళన్న మాటే, తిట్టయినా సరే. అలాగే పథ్యాన్ని మీ ఇళ్ళలో "పత్యం" అంటారా, "పత్తెం" అంటారా? మా అమ్మమ్మ పత్యం అనేది, మా నాన్నగారి వైపు మాత్రం అందరూ పత్తెమే.