గిఫ్ట్ డీడ్‌లో షరతు రాయలేదు, అమ్మ ఆస్తి తిరిగి వస్తుందా?

మాది శ్రీకాకుళం జిల్లా, పలాస దగ్గర పల్లె. 2021లో అమ్మ (72 ఏళ్లు) ఎకరన్నర జీడితోట, ఇల్లు అన్నయ్య పేర గిఫ్ట్ డీడ్ రాసింది. చూసుకుంటానని నోటిమాటే, కాగితంలో లేదు. అన్నయ్య డాబా వేశాడు, గుమ్మానికి సీసీ కెమెరా పెట్టాడు. సంక్రాంతి నుంచి అమ్మకి ఒంటిపూటే అన్నం, అదీ స్టీలు గిన్నెలో వరండా గట్టు మీద పెట్టి పోతారు. చూస్తే కడుపు తరుక్కుపోతోంది.

పెద్దమనుషుల దగ్గర రెండుసార్లు కూర్చోబెట్టాను. ఒకప్పుడు ఊళ్లో ఇలాంటివి రచ్చబండ దగ్గరే తేలేవి. ఇప్పుడు 'మీ ఇంటి గొడవ' అని తప్పుకున్నారు. నెలనెలా నేను పంపే మూడు వేలూ అమ్మ చేతికి అందడం లేదు.

2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం, సెక్షన్ 23 కింద ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టాలనుకుంటున్నాం. డీడ్‌లో పోషణ షరతు లేకపోయినా రద్దు చేయించుకున్నవాళ్లు ఉంటే, ఏ ఆధారాలు చూపించారో చెబుతారా?