"ప్రభువు చిత్తమైతే" అంటే వస్తున్నట్టా, రానట్టా?

గ్రూపులో క్రైస్తవ మిత్రులు చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. మా ఆఫీసులో ఒక మేడమ్ దేనికి పిలిచినా "ప్రభువు చిత్తమైతే వస్తానండి" అంటారు. మొన్న మా గృహప్రవేశానికి పిలిస్తే అదే మాట. క్యాటరింగ్ అతనికి ప్లేట్ల లెక్క చెప్పాలి కదా, ఆవిణ్ణి కలుపుకోవాలో వద్దో అర్థం కాక కలిపా, ఆవిడ రాలేదు. ఇది మర్యాదగా కాదని చెప్పడమా? అసలు బైబిల్లో ఎక్కడిదీ మాట? వెక్కిరింపు కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

మల్కాజిగిరి నుంచి ఒక సభ్యురాలు:

యాకోబు పత్రిక, అంటే యాకోబు రాసిన ఉత్తరం, 4వ అధ్యాయం 15వ వచనం అండి. "ప్రభువు చిత్తమైతే మనము బ్రదికియుండి ఇది అది చేతము" అని ఉంటుంది. ఎవరితో అంటున్నాడో తెలియాలంటే పై రెండు వచనాలు కూడా చదవాలి. ఫలానా పట్టణానికి వెళ్తాం, ఏడాది ఉంటాం, వ్యాపారం చేసి లాభం తెచ్చుకుంటాం అని రేపటి రోజు తమ చేతిలోనే ఉన్నట్టు మాట్లాడేవాళ్ళతో అంటున్నాడు. రేపేమవుతుందో మీకు తెలియదు, కాసేపు కనబడి మాయమయ్యే ఆవిరి లాంటివాళ్ళు మీరు అని. అంటే ఇది గర్వం దించడానికి చెప్పిన మాట, రాలేనని చెప్పడానికి మొహమాటపడేవాళ్ళ కోసం చెప్పింది కాదు. వెళ్ళాలని గట్టిగా అనుకుని, బస్సు టికెట్ కూడా తీసుకుని, అప్పుడు అనాల్సిన మాట అది. మనం టికెట్ తీసుకోకుండా ఉండడానికి వాడుతున్నాం.

ఇంకో సంగతి మా చర్చిల్లో కూడా చాలామంది గమనించరు. అదే యాకోబు తర్వాతి అధ్యాయంలోనే (5:12) "అవునంటే అవును కాదంటే కాదు అని ఉండవలెను" అంటాడు. కొండమీది ప్రసంగంలో యేసు చెప్పిన మాటే, మత్తయి 5:37. యాకోబు మాటలు రెండూ ఒకే ఉత్తరంలో, ఒకే మనిషి రాసినవి. కాబట్టి "ప్రభువు చిత్తమైతే" అన్నాక కూడా ముందున్న అవును అవునుగానే ఉండాలి.

మా దగ్గర ఇది ఎలా పాడైందో ఒక ఉదాహరణ. మే నెలలో పిల్లలకి వి.బి.ఎస్. (సెలవుల్లో నడిపే బైబిల్ బడి) పెడతారు. పాస్టరమ్మ ఒకమ్మాయిని టీచర్‌గా రమ్మంటే "ప్రభువు చిత్తమైతే వస్తానాంటీ" అంటుంది. పాస్టరమ్మ ఆ అమ్మాయి పేరు రాసుకుంటారు. సోమవారం పొద్దున పిల్లలందరూ చాపల మీద కూర్చుని ఉంటారు, టీచర్ ఉండదు. ఫోన్ చేస్తే "చిత్తం కాలేదాంటీ". ఆ అమ్మాయికి అడిగిన రోజు నుంచే రావాలని లేదు, నెపం మాత్రం దేవుడి మీదకి వెళ్ళింది. పదాజ్ఞల్లో ఆయన నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించవద్దు అన్నది బూతుల గురించే అనుకుంటాం గానీ, నన్నడిగితే ఇది కూడా అదే.

"ప్రార్థన చేస్తాను బ్రదర్" అన్నది ఇంకో రకం. వాట్సాప్‌లో రెండు చేతుల బొమ్మ పెట్టేసి మర్చిపోవడం. మా సంఘంలో ఒక పెద్దావిడ ఉన్నారు, ఎవరైనా ప్రార్థన చేయండమ్మా అంటే చేస్తానని అనరు, చెప్పుల స్టాండు దగ్గరే అవతలి మనిషి చెయ్యి పట్టుకుని రెండు వాక్యాల ప్రార్థన చేసేస్తారు. "ఇంటికెళ్తే గుర్తుండదే, అప్పుడు నేను చెప్పింది అబద్ధమవుతుంది" అంటారు. ఇక "ప్రార్థన అంశం" పేరుతో పక్కింటి అమ్మాయి విషయాలన్నీ చెప్పి "బయటికి పోనీయకండి" అనేవాళ్ళ గురించి రాస్తే ఈ పోస్టు అవ్వదు. "నా పెదవుల ద్వారమునకు కాపు పెట్టుము" అని కీర్తన 141లో ఉంది, గృహకూడికలో మొదట ఆ ఒక్క వచనం చదివి తర్వాత ప్రార్థన అంశాలు అడిగితే సగం తగ్గుతాయని నా నమ్మకం.

సంతోష్‌నగర్ నుంచి:

అక్కా, దీన్ని మీ చర్చి మీదే వేసుకోకండి, ఇది మొత్తం హైదరాబాద్ రోగం. ఇక్కడ "పర్సోం" అంటే మొన్నా కావచ్చు, పదేళ్ళ కిందటా కావచ్చు. "పంజగుట్టలో ఉన్నా, వచ్చేస్తున్నా" అన్నవాడు ఇంకా స్నానానికే పోయి ఉండడు. మా ఫ్రెండ్ ఒకడు నమాజీ మనిషి, వాడిదీ మీ బాధే, "ఇన్షా అల్లా" (అల్లా తలిస్తే) అంటే అయ్యే పని కాదని అందరూ అనుకుంటున్నారని తల పట్టుకుంటాడు. మీ వచనం మా భాషలో అయితే సింపుల్: హౌ అంటే హౌ, నక్కో అంటే నక్కో.

రిటైర్డ్ తెలుగు మాస్టారు, ఉప్పల్:

మొహమాటాన్ని అంత తక్కువ చేయకండమ్మా. మన శతకకారుడు ఏమన్నాడు? "ఎప్పటి కెయ్యది ప్రస్తుత మప్పటికా మాటలాడి యన్యుల మనముల్ నొప్పింపక తానొవ్వక తప్పించుక తిరుగువాడు ధన్యుడు సుమతీ". మొహం మీద రానని చెప్పేసేదానికంటే "చూద్దాం లెండి" అనడంలో సంస్కారం లేదంటారా?

మల్కాజిగిరి సభ్యురాలు:

మాస్టారూ, పద్యంలో మొదటి రెండు పాదాలకీ మాకూ పేచీ లేదు. ఎఫెసు వాళ్ళకి రాసిన ఉత్తరంలో (ఎఫెసీ 4:29) అపొస్తలుడు పౌలు కూడా వినేవాళ్ళకి మేలు కలిగేలా "అవసరమునుబట్టి" మాట్లాడమనే అంటాడు. మూడోదానికి కూడా సరే, నొప్పించడం ఎవరికి కావాలి. "తప్పించుక తిరుగు" దగ్గరే ఆగిపోతాం. అదే అధ్యాయం 15వ వచనంలో "ప్రేమగలిగి సత్యము చెప్పుచు" అని ఉంది, అందులో ఏ ఒక్కటీ వదలడానికి లేదు. సత్యం ఒక్కటే పట్టుకుని "నేను ముక్కుసూటి మనిషినండీ" అంటూ నలుగురిలో కోడలి పరువు తీసేవాళ్ళనీ చూశాం, వాళ్ళని సత్యవంతులంటే నేను ఒప్పుకోను. మీరన్న సంస్కారం "రాలేనండి, పిలిచినందుకు చాలా సంతోషం" అన్నప్పుడు కూడా ఉంటుంది కదా.

పౌలుకే ఈ చిక్కు వచ్చింది. కొరింథు వాళ్ళకి రాసిన మొదటి ఉత్తరం చివర్లో "ప్రభువు సెలవైతే" మీ దగ్గర కొంతకాలం ఉంటానన్నాడు. తర్వాత ప్రయాణం మారింది. వాళ్ళు ఊరుకోలేదు, ఈయన అవునంటూనే కాదంటాడు అన్నారు. అప్పుడు రెండో ఉత్తరంలో "దేవుని చిత్తం కాలేదు" అని ఒక్క ముక్కతో తేల్చేయలేదు. ఏమనుకున్నానో, ఎందుకు మానుకున్నానో, వస్తే మీకు దుఃఖమే మిగిలేదని, అందుకే కన్నీళ్ళతో ఉత్తరం రాశానని, అంతా విప్పి చెప్పాడు.

నల్గొండ నుంచి, ఇప్పుడు ఎల్.బి.నగర్‌లో:

మంచి చర్చ. ఒట్ల గురించి ఎవరూ అనలేదు గనుక చెప్తున్నా. మత్తయిలో ఆ "అవునంటే అవును" వచనం వచ్చిందే ఒట్టు పెట్టుకోవద్దనే సందర్భంలో. ఆకాశం తోడు, భూమి తోడు, నీ తల తోడు, ఏదీ వద్దు, ఒక్క వెంట్రుకని తెలుపు నలుపు చేయలేవు నువ్వు అంటాడు యేసు. మనకి అమ్మతోడు, నెత్తి మీద చెయ్యి ఉన్నట్టే వాళ్ళకీ. ఒట్టేస్తేనే నిజం అంటే మిగతా టైంలో చెప్పేది ఏంటి మరి? మాది మెన్నొనైట్ బ్రదరెన్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) సంఘం, 1889లో రష్యా నుంచి వచ్చిన మిషనరీలు ఫ్రీసెన్ దంపతులు మా నల్గొండలో పని మొదలుపెట్టినవాళ్ళు. ఈ మెన్నొనైట్ల పూర్వీకులు 1527లో స్విట్జర్లాండ్‌లో రాసుకున్న ఏడు తీర్మానాల్లో చివరిది ఇదే, ఒట్టు వేయం అని. ఆ రోజుల్లో ఊరి వ్యవహారమంతా ప్రమాణాల మీదే నడిచేది, వేయనంటే తిరుగుబాటుదారు కిందే లెక్క. ఇప్పుడు మనకా కష్టం లేదు, 1969 ఓత్స్ యాక్ట్ (ప్రమాణాల చట్టం) ప్రకారం కోర్టులో సాక్షి దేవుని పేరు ఎత్తకుండా గంభీరంగా ధ్రువీకరించి కూడా చెప్పొచ్చు.

మొదట అడిగిన సభ్యుడు:

ఇంత ఉందనుకోలేదు, అందరికీ థాంక్స్. వచ్చే నెల బాబు అన్నప్రాశన ఉంది, ఆవిణ్ణి మళ్ళీ పిలవాలి. ఏమని అడగమంటారు?

మల్కాజిగిరి సభ్యురాలు:

"మీకు రావాలని ఉందా మేడమ్?" అనే అడగండి. ప్రభువు చిత్తం ఎలాగూ తర్వాత తెలుస్తుంది, ముందు ఆవిడ చిత్తం తెలియాలిగా. ఇంకోటి, గృహప్రవేశం అన్నారు, హోమం, ప్రసాదం ఉంటాయని ఆవిడ ఇబ్బంది పడి ఉండొచ్చు. మాలో చాలామందికి ఆ పట్టింపు ఉంటుంది, మీరు బాధపడతారేమోనని ఆ సంగతి నోరు తెరిచి చెప్పరు. "పూజ పదింటికల్లా అయిపోతుంది, మీరు పన్నెండుకి భోజనానికి రండి" అని మీరే అనండి. అప్పుడు ఏ జవాబు వస్తుందో చూసి ఇక్కడ పెట్టండి.