సోషియాలజీ వాళ్ల 'రేస్ అండ్ ఎత్నిసిటీ' తీసుకుంటే ఎత్నిక్ స్టడీస్ రిక్వైర్‌మెంట్ తీరుతుందా?

ట్రాన్స్‌ఫర్_బాటలో అడిగిన ప్రశ్న

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ, 2025 ఫాల్‌లో మొదలు, కంప్యూటర్ సైన్స్. రెండేళ్ల తర్వాత సీఎస్‌యూకి (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) గానీ యూసీకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) గానీ ట్రాన్స్‌ఫర్ అవ్వాలి. వచ్చే టర్మ్‌కి రెండు క్లాసుల్లో ఒకటి ఎంచుకోవాలి. ఒకటి సోషియాలజీ డిపార్ట్‌మెంట్ వాళ్ల 'రేస్ అండ్ ఎత్నిసిటీ', 16 వారాలు, క్యాంపస్‌లో. రెండోది 'ఇంట్రడక్షన్ టు ఏషియన్ అమెరికన్ స్టడీస్', 8 వారాలు, పూర్తిగా ఆన్‌లైన్. రెండూ 3 యూనిట్లే, సిలబస్‌లు చూస్తే సగం పాఠాలు ఒకేలా ఉన్నాయి. ఏది లెక్కలోకి వస్తుంది? 8 వారాల్లో ఇలాంటి సబ్జెక్టు నెట్టుకురాగలమా? కోడింగ్, కాలిక్యులస్ అలవాటైనవాళ్లు ఇందులో ఎక్కడ దెబ్బతింటారో కూడా చెప్పండి.

కేటలాగ్_పేజీ

సోషియాలజీ క్లాసు ఎత్నిక్ స్టడీస్ కింద రాదండి. పేరులో రేస్, ఎత్నిసిటీ రెండూ ఉన్నాయి కదా అని చాలామంది సరిగ్గా ఇక్కడే పొరబడతారు. ట్రాన్స్‌ఫర్‌కి ముందు చివరి టర్మ్‌లో విషయం బయటపడితే సర్దుకోవడానికి టైమ్ ఉండదు.

2020 ఆగస్టులో ఏబీ 1460 అనే కాలిఫోర్నియా బిల్లు చట్టమైంది. సీఎస్‌యూలో బ్యాచిలర్స్ చేసే ప్రతి ఒక్కరూ 3 యూనిట్ల ఎత్నిక్ స్టడీస్ చదవాలని దాని సారం. నాలుగు విభాగాలను చట్టమే పేరు పెట్టి చెప్పింది: నేటివ్ అమెరికన్, ఆఫ్రికన్ అమెరికన్, ఏషియన్ అమెరికన్, లాటినా–లాటినో స్టడీస్. అమలు చేసేటప్పుడు సీఎస్‌యూ మరో రెండు షరతులు పెట్టింది. కోర్సు నంబర్ ముందుండే కోడ్ ఈ విభాగాలదై ఉండాలి. ఐదు కోర్ కాంపిటెన్సీల్లో (విద్యార్థి నేర్చుకోవాల్సినవని సీఎస్‌యూ పెట్టిన లక్ష్యాలు) కనీసం మూడింటిని కోర్సు తీర్చాలి. సోషియాలజీ కోడ్‌తో ఉన్న క్లాసు ఇవే పాఠాలు ఎంత బాగా చెప్పినా, ఎత్నిక్ స్టడీస్ కోడ్ ఉన్న కోర్సుతో క్రాస్-లిస్ట్ అయితే, అంటే ఒకే క్లాసు రెండు కోడ్‌ల కిందా ఉంటే తప్ప చెల్లదు.

మీరు 2025 ఫాల్‌లో మొదలుపెట్టారు కాబట్టి మీకు వర్తించేది క్యాల్-గెట్సీ, అంటే సీఎస్‌యూ, యూసీ రెండింటికీ పనికొచ్చే జనరల్ ఎడ్యుకేషన్ కోర్సుల జాబితా. మొత్తం 11 కోర్సులు, 34 సెమిస్టర్ యూనిట్లు, ప్రతి కోర్సులోనూ కనీసం సీ గ్రేడ్ రావాలి. అందులో ఏరియా 6 ఎత్నిక్ స్టడీస్. అంతకుముందు చేరి, మధ్యలో గ్యాప్ లేకుండా చదువుతున్నవాళ్లకు ఇదే పాత జాబితాలైన సీఎస్‌యూ జీఈలో ఏరియా ఎఫ్ అనీ, ఐగెట్సీలో ఏరియా 7 అనీ కనిపిస్తుంది. సీనియర్లు ఏరియా నంబర్ వేరే చెప్పారంటే కారణం ఇదే. ట్రాన్స్‌ఫర్ ఉద్దేశం లేకుండా అసోసియేట్ డిగ్రీతో ఆపేద్దామనుకున్నా తప్పించుకోలేరు. 2024 ఫాల్ నుంచి కమ్యూనిటీ కాలేజీ డిగ్రీకి కూడా ఎత్నిక్ స్టడీస్ తప్పనిసరి చేశారు.

కౌన్సెలర్ దొరికేదాకా ఆగక్కర్లేదు. ఏ కోర్సు ట్రాన్స్‌ఫర్‌కి చెల్లుతుందో చూపించే అసిస్ట్ డాట్ ఆర్గ్ వెబ్‌సైట్‌లో మీ కాలేజీ, మీరు క్లాసు తీసుకునే విద్యా సంవత్సరం ఎంచుకుని, క్యాల్-గెట్సీ జాబితా తెరిచి ఏరియా 6లో కోర్సు నంబర్ వెతకండి. నంబర్ కనిపించగానే ఊరుకోకండి, పక్కన ఏ టర్మ్ నుంచి ఆమోదం ఉందో కూడా చూడండి. ఆమోదానికి ముందు టర్మ్‌లో తీసుకున్న క్లాసును తర్వాత కలపరు. జాబితా పేజీని ఆ రోజే పీడీఎఫ్‌గా దాచుకోండి. రేపు ట్రాన్‌స్క్రిప్ట్ మదింపులో పేచీ వస్తే అది పనికొస్తుంది.

సోషియాలజీ క్లాసు అలాగని వృథా కాదు. సీ-ఐడీ (కాలేజీలన్నిటికీ ఉమ్మడి కోర్సు నంబర్లు) లెక్కలో అది సోషియాలజీ 150, సోషల్ సైన్సెస్ ఉండే ఏరియా 4లో పనికొస్తుంది. అక్కడ రెండు వేర్వేరు సబ్జెక్టుల నుంచి రెండు కోర్సులు కావాలి. ఓపిక ఉంటే రెండూ తీసుకోండి, కానీ ఒకే టర్మ్‌లో వద్దు.

లెక్క_చూసుకో

8 వారాల సంగతి. ఒక యూనిట్ అంటే టర్మ్ మొత్తం మీద, క్లాసూ ఇంటిపనీ కలిపి, 48 నుంచి 54 గంటల పని. 3 యూనిట్లకు 144 నుంచి 162 గంటలు. 16 వారాల మీద పరిస్తే వారానికి 9–10 గంటలు. 8 వారాలకు కుదిస్తే 18–20. పని తగ్గదు, గడువులే దగ్గరపడతాయి. కాలిక్యులస్‌తో పాటు ఇంకో ప్రోగ్రామింగ్ క్లాసు కూడా ఉంటే 8 వారాలది వద్దు. అదే ఏషియన్ అమెరికన్ స్టడీస్ పూర్తి టర్మ్ సెక్షన్ ఉందేమో చూడండి. సమ్మర్‌లో వేరే క్లాసేమీ పెట్టుకోకుండా ఇది ఒక్కటే తీసుకోవడమూ మంచి దారే.

ఆన్‌లైన్ సెక్షన్‌లో మొదటి దెబ్బ మొదటి వారంలోనే తగులుతుంది. క్లాసు నడిచే కాన్వాస్ సైట్‌లో లాగిన్ అయినంత మాత్రాన హాజరు పడదు. మొదటి వారంలో పెట్టే పరిచయ పోస్టో, సిలబస్ క్విజ్జో గడువులోపు చేయకపోతే నో-షో కింద పేరు తీసేసి, వెయిట్‌లిస్ట్‌లో ఉన్నవాళ్లకు సీటు ఇచ్చేస్తారు. తర్వాత బతిమాలినా సీటు ఖాళీ ఉండదు.

వారం నడక చాలా సెక్షన్‌లలో ఒకేలా ఉంటుంది. వారం మధ్యలో మీ డిస్కషన్ పోస్టు, ఆదివారం రాత్రిలోపు తోటి విద్యార్థులకు రెండు జవాబులు. ఆదివారం కూర్చుని మూడూ ఒకేసారి పెడితే మొదటి దానికి ఆలస్యం కోత పడుతుంది. పోస్టులో ఆ వారం చదివినదాని నుంచి పేజీ నంబర్‌తో ఒక్క ఆధారమైనా లేకపోతే మార్కులు సగానికి పడిపోతాయి. "నాకు చాలా నచ్చింది, కళ్లు తెరిపించింది" అన్న జవాబుకు ఏమీ రావు.

రాష్ట్ర నివాసులకు యూనిట్‌కి 46 డాలర్లు, అంటే 138 డాలర్లు, కాలేజీ ఫీజులు అదనం. షెడ్యూల్‌లో జీరో టెక్స్ట్‌బుక్ కాస్ట్ గుర్తు ఉన్న సెక్షన్ దొరికితే పుస్తకం ఖర్చు కూడా ఉండదు. మానేయాల్సి వస్తే సెన్సస్ తేదీకి (క్లాసులో ఎవరున్నారో కాలేజీ లెక్క తీసే రోజు) ముందే డ్రాప్ చేయండి, ట్రాన్‌స్క్రిప్ట్ మీద మచ్చ ఉండదు. ఆ తర్వాత టర్మ్ 75 శాతం దాటేలోపు డ్రాప్ చేస్తే ట్రాన్‌స్క్రిప్ట్ మీద డబ్ల్యూ (విత్‌డ్రా అయినట్టు గుర్తు) పడుతుంది. 8 వారాల క్లాసుల్లో ఈ తేదీలు చాలా ముందుగా వచ్చేస్తాయి. పూర్తి టర్మ్ క్యాలెండర్ చూసి మోసపోకండి.

ఆధారం_ఎక్కడ

కోడింగ్ అలవాటైనవాళ్లు ఎక్కడ దెబ్బతింటారంటే, దీన్ని అభిప్రాయాల సబ్జెక్టు అనుకోవడంలో. "రంగు చూసి మనిషిని అంచనా వేయకూడదు" అని మూడు పేజీలు రాసి సీ తెచ్చుకుంటారు. మీ మంచితనాన్ని ఎవరూ శంకించడం లేదు. అడిగేది వేరే: ఈ వర్గాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ చట్టంతో గీశారు? గీత ఎప్పుడు జరిగింది? జరిగినప్పుడు ఎవరి చేతి నుంచి ఏం పోయింది?

రేస్ అనేది సామాజిక నిర్మితి అన్న వాక్యం మొదటి వారంలోనే వస్తుంది. దాన్ని బట్టీపట్టకుండా రెండు వైపుల నుంచీ అర్థం చేసుకోండి. జన్యువుల వైపు నుంచి చూస్తే, 1972లో జన్యుశాస్త్రవేత్త లెవాంటిన్ లెక్కగట్టిన ప్రకారం మనుషుల మధ్య ఉన్న జన్యు తేడాల్లో సుమారు 85 శాతం ఒకే జనాభా లోపలే ఉంది. చట్టం వైపు నుంచి చూడాలంటే ఏషియన్ అమెరికన్ స్టడీస్‌లో తప్పకుండా తగిలే రెండు సుప్రీంకోర్టు తీర్పులను పక్కపక్కన పెట్టి చదవండి. రెండూ చిన్నవే, ఉచితంగా దొరుకుతాయి, ఒక సాయంత్రం చాలు.

1790 చట్టం ప్రకారం బయటి నుంచి వచ్చినవాళ్లలో సిటిజన్‌షిప్ 'స్వేచ్ఛగా ఉన్న తెల్లవారికి' మాత్రమే. 1870లో ఆఫ్రికా సంతతిని చేర్చారు, ఆసియావాళ్లను చేర్చలేదు. 1922 నవంబర్‌లో ఒజావా కేసులో, జపనీయుడు ఎంత తెల్లటి చర్మంతో ఉన్నా 'కాకేసియన్' కాడు కాబట్టి తెల్లవాడు కాడన్నారు. మూడు నెలలకు, 1923 ఫిబ్రవరిలో, భగత్ సింగ్ థింద్ వచ్చాడు. అమృత్‌సర్ జిల్లాలో పుట్టిన సిక్కు, అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. మానవశాస్త్రం ప్రకారం తాను కాకేసియనే అని వాదించాడు. ఈసారి కోర్టు శాస్త్రాన్ని పక్కకు నెట్టి, మామూలు మనిషి దృష్టిలో ఎవరు తెల్లవాళ్లో వాళ్లే తెల్లవాళ్లు అంది. రెండు తీర్పులూ రాసింది ఒకే జడ్జి, సదర్లాండ్. కొలబద్ద మూడు నెలల్లో మారింది, తలుపు మాత్రం రెండుసార్లూ మూసే ఉంది. ఆ వెంటనే, అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయుల నుంచి కూడా దాన్ని లాక్కోవడానికి ప్రభుత్వం కేసులు వేసింది. భారతీయులకు దారి తెరిచింది 1946 లూస్–సెల్లర్ చట్టం, అదీ ఏడాదికి 100 మంది కోటాతో. సోషియాలజిస్టులు ఓమి, వైనంట్ చెప్పే 'రేషియల్ ఫార్మేషన్' (రేస్ వర్గాలను సమాజం తయారుచేస్తూ, మారుస్తూ ఉండటం) అర్థం కావాలంటే ఈ జంట తీర్పులను మించిన ఉదాహరణ ఇంకోటి లేదని నా నమ్మకం.

ఇదే కథ సెన్సస్‌లోనూ నడుస్తుంది. 1930, 1940ల్లో భారతీయులను వాళ్ల మతంతో పనిలేకుండా 'హిందూ' అన్న రేస్ కింద రాశారు. 1970లో వైట్ కింద లెక్కగట్టారు. 'ఏషియన్ ఇండియన్' అన్న గడి 1980లో వచ్చింది. 2024 మార్చిలో ఫెడరల్ ప్రమాణాలు మళ్లీ మారాయి. రేస్, హిస్పానిక్ ప్రశ్నలు రెండింటినీ ఒకటిగా కలిపి, మిడిల్ ఈస్టర్న్–నార్త్ ఆఫ్రికన్ వర్గాన్ని చేర్చాలన్నారు.

ఇక మీకు నచ్చే భాగం, డేటా. చాలా క్లాసుల్లో మీ కౌంటీ జనాభా మీద ఒక అసైన్‌మెంట్ ఉంటుంది. ఇప్పటిదాకా ఉన్న డేటాలో హిస్పానిక్ అనేది రేస్ కాదు, విడి ప్రశ్న. రేస్ టేబుల్ తీసుకుని దానికి హిస్పానిక్ సంఖ్య కలిపితే మొత్తం 100 శాతం దాటిపోతుంది. దీనికోసమే సెన్సస్ బ్యూరో వాళ్ల అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో బీ03002 అనే టేబుల్ ఉంది. అందులో హిస్పానిక్‌లు ఒకవైపు, హిస్పానిక్ కానివాళ్లు రేస్ వారీగా ఇంకోవైపు, ఎవరూ రెండుసార్లు పడకుండా ఉంటారు. భారతీయులు, ఫిలిపినోలు, వియత్నామీయులు విడివిడిగా కావాలంటే బీ02015 తీయండి. 65,000 కంటే తక్కువ జనాభా ఉన్న ఊరికి ఒక ఏడాది అంచనాలు ఉండవు, ఐదేళ్లవి వాడాలి. పక్కనుండే మార్జిన్ ఆఫ్ ఎర్రర్‌ను వదిలేయకండి, అది 90 శాతం కాన్ఫిడెన్స్‌తో ఇచ్చింది. చిన్న సమూహాల దగ్గర రెండు అంకెల మధ్య కనిపించే తేడా మొత్తం అందులోనే మునిగిపోవచ్చు.

మనవాళ్ల వ్యాసాల్లో పదేపదే కనిపించే తప్పు ఒకటుంది. భారతీయుల ఆదాయం ఎక్కువ, కష్టపడ్డారు కాబట్టి. మిగతావాళ్లూ కష్టపడితే సరిపోతుంది. ప్రొఫెసర్ ఎర్ర పెన్ను పెట్టేది ఇక్కడే. 1965 ఇమిగ్రేషన్ చట్టం చదువునూ నైపుణ్యాన్నీ చూసి మనుషులను ఎంచుకునే ప్రాధాన్య వర్గాలు పెట్టింది. 1990 చట్టంతో హెచ్-1బీ వచ్చింది. అలా జల్లెడ పట్టి తెచ్చుకున్న సమూహాన్ని, బానిసత్వం నుంచి, ఆ తర్వాత ఇళ్ల అప్పుల్లో రెడ్‌లైనింగ్ (నల్లవాళ్లుండే పేటలకు అప్పు ఇవ్వకపోవడం) నుంచి వచ్చిన సమూహంతో పోల్చి సంస్కృతి గురించి తీర్మానం చేయకూడదు. శాంపిల్ ఎక్కణ్నుంచి తీశారో చూడకుండా ఫలితం చెప్పడమే అవుతుంది. 'మోడల్ మైనారిటీ' (మిగతా మైనారిటీలకు ఆదర్శం) అన్న వాదన 1966 నాటికే జపనీస్ అమెరికన్ల గురించి పత్రికల్లో వచ్చింది. అది పౌరహక్కుల ఉద్యమం ఉధృతంగా ఉన్న సమయం. ఆ తేదీని దాటేసి రాసిన వ్యాసం ఎప్పుడూ బలహీనంగానే ఉంటుంది.

ట్రాన్స్‌ఫర్_బాటలో

కేటలాగ్_పేజీ గారూ, చూశాను. మీరన్నట్టే ఏషియన్ అమెరికన్ స్టడీస్ మాత్రమే ఏరియా 6లో ఉంది, పూర్తి టర్మ్ సెక్షన్ కూడా దొరికింది. ఆధారం_ఎక్కడ గారూ, ఫైనల్ పేపర్ 1,500 పదాలు, టాపిక్ మన ఇష్టం. కులానికీ రేస్‌కీ పోలిక రాయొచ్చా?

ఆధారం_ఎక్కడ

రాయొచ్చండి, కానీ ఇరుకుగా పట్టుకోండి. "కులం, రేస్ ఒకటే" అన్నా "సంబంధమే లేదు" అన్నా 1,500 పదాల్లో రెండూ నిలబడవు. పైగా ఇది అమెరికా సమాజం మీద క్లాసు, పేపర్‌లో ఎక్కువ భాగం ఇక్కడే నడవాలి. మూడు వేల ఏళ్ల చరిత్ర మొదటి పేరాలో పెట్టారంటే అసలు విషయానికి చోటుండదు.

మీకు పనికొచ్చే దారులు రెండు కనిపిస్తున్నాయి. మొదటిది మళ్లీ థింద్ కేసే. కోర్టు ముందున్న ప్రశ్నలోనే 'హై క్యాస్ట్ హిందూ' అన్న మాట ఉంది. ఆయన వాదనలో అగ్రకులం అన్నది ఆర్య రక్తానికి రుజువుగా వచ్చింది. అంటే తెల్లదనం గేటు దాటడానికి కులాన్ని తాళంచెవిగా వాడబోయారు. దాన్ని ఒజావా తీర్పుతో కలిపి చదివితే పేపర్‌కి వాదన దానంతటదే దొరుకుతుంది.

రెండోది ఎస్‌బీ 403. కుల వివక్షను కాలిఫోర్నియా చట్టంలో పేర్కొనాలన్న బిల్లు. 2023లో రెండు సభల్లోనూ నెగ్గింది, అక్టోబర్‌లో గవర్నర్ న్యూసమ్ వీటో చేశారు, ఉన్న చట్టాలే సరిపోతాయన్నారు. రాష్ట్ర శాసనాల వెబ్‌సైట్‌లో బిల్లు పాఠాలన్నీ ఉంటాయి, రెండింటిని పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. మొదట కులాన్ని విడి వర్గంగా పెట్టినవాళ్లు తర్వాత 'యాన్సెస్ట్రీ' (వంశం) నిర్వచనం లోపలికి మార్చారు. ఆ మార్పు ఎందుకు, ఎవరి అభ్యంతరాలతో వచ్చిందన్నది కమిటీ విశ్లేషణల్లో దొరుకుతుంది. వాటితో పాటు 2022లో సీఎస్‌యూ తన వివక్ష నిరోధక విధానంలో కులాన్ని చేర్చిన సంగతి, 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం చేసిన చట్టం పెట్టుకుంటే మూడు ప్రాథమిక ఆధారాలయ్యాయి. సమర్థించినవాళ్ల మాట, వ్యతిరేకించిన హిందూ సంస్థల మాట రెండూ వాళ్ల సొంత ప్రకటనల నుంచే తీసుకోండి, వార్తా కథనంలోని ఒక్క వాక్యం నుంచి కాదు.

పోలికకు చారిత్రక వంతెన కావాలంటే, 1946లో అంబేడ్కర్ నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఈ.బీ. డూబాయిస్‌కు ఉత్తరం రాశారు. అమెరికాలోని నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి ఇస్తున్న విజ్ఞాపన ప్రతి కావాలని అడిగారు. డూబాయిస్ జవాబూ ఉంది. ఒక పేరాకు అది చాలు, అంతకంటే సాగదీయకండి.

సైటేషన్ (ఆధారాలు పేర్కొనే) పద్ధతి సిలబస్‌లో చూసుకుని మొదటి డ్రాఫ్ట్ నుంచే పాటించండి. సోషియాలజీలో ఏఎస్‌ఏ అడుగుతారు, ఎత్నిక్ స్టడీస్‌లో తరచు ఎమ్‌ఎల్‌ఏ లేదా షికాగో.

ఐ20_ఫైలు

ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఈ థ్రెడ్ చూసి ఆన్‌లైన్ సెక్షన్‌కి పరుగెత్తకండి. ఫుల్ టైమ్‌కి టర్మ్‌లో కనీసం 12 యూనిట్లు కావాలి. అందులో ఆన్‌లైన్‌వి ఒక క్లాసు, అంటే 3 యూనిట్ల వరకే లెక్కలోకి వస్తాయి. ఇప్పటికే ఒక ఆన్‌లైన్ క్లాసు ఉంటే ఇది క్యాంపస్‌లోనే తీసుకోవాలి, లేదా 12 దాటాక అదనంగా పెట్టుకోవాలి. డ్రాప్ చేస్తే 12 కంటే తగ్గేటట్టుంటే ముందు డీఎస్‌ఓ (కాలేజీలో వీసా విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి, ఆ తర్వాతే డ్రాప్ బటన్. ముందు డ్రాప్ చేసి తర్వాత మెయిల్ పెడితే స్టేటస్ పోయే ప్రమాదం ఉంది. పైన చెప్పిన 138 డాలర్లు కూడా మీకు వర్తించదు. నాన్-రెసిడెంట్ ట్యూషన్ ఒక్కో కాలేజీలో ఒక్కోలా, దానికి చాలా రెట్లు ఉంటుంది. అందుకే ఏరియా 6 జాబితాలో ఉన్న క్లాసునే మొదటిసారి తీసుకోండి.