సైన్యంలో పండిట్ ఉద్యోగం గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

మా తమ్ముడు తిరుపతిలో సంస్కృతంలో శాస్త్రి డిగ్రీ చేశాడు, ఆ తర్వాత కర్మకాండలో, అంటే పూజలు, వ్రతాలు, సంస్కారాలు చేయించే విధానంలో, ఏడాది డిప్లొమా. ఇప్పుడు సైన్యంలో రిలీజియస్ టీచర్, అంటే పండిట్ పోస్టుకి అప్లై చేస్తానంటున్నాడు. చేరగానే నాయిబ్ సుబేదార్ ర్యాంకు (జవాన్లకి పైన, ఆఫీసర్లకి కింద), శిక్షణ పుణెలో. ముందు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి. వీడు రోజూ తెల్లారకముందే గ్రౌండుకి వెళ్లి, తొమ్మిదిన్నర నిమిషాలకి పూర్తిచేసి, మోకాళ్లు పట్టుకుని కూలబడుతున్నాడు. అది సాధనతో వస్తుందిలెండి.

నా బెంగ వేరే. ఇప్పటిదాకా వాడు చేయించినవి సత్యనారాయణ వ్రతాలు, గృహప్రవేశాలు. అక్కడ గుడిలో పూజతో అయిపోదు. ఆసుపత్రిలో ఉన్న జవాన్ల దగ్గర కూర్చోవాలి, అంత్యక్రియలకి వెళ్లాలి. కాలు పోయిన కుర్రాడితో ఏం మాట్లాడాలో శిక్షణలో నేర్పుతారా, చేస్తూ చేస్తూ నేర్చుకోవాల్సిందేనా? వాడి హిందీ అంతంతమాత్రం, ఇబ్బందవుతుందా? ఇంటర్వ్యూలో మంత్రాలే అడుగుతారా, ఇలాంటివి కూడానా?

ఇంకోటి, అమ్మ రోజూ అడుగుతోంది: పెళ్లయ్యాక భార్యని వెంట తీసుకెళ్లొచ్చా? ఆ పనిలో ఉన్నవాళ్లు, రిటైరైనవాళ్లు, మీ బావగారో బాబాయిగారో చేసినా సరే, ఒక్క ముక్క చెప్పండి.