కుంచెతో వేస్తే నలుసులు: తప్పు ఊరి దుమ్ముదా, సీసాదా?

మారుత్_24
1/72 (అసలు దానిలో 72వ వంతు సైజు) మిగ్-21 యుద్ధవిమానం ప్లాస్టిక్ మోడల్ కడుతున్నాను. యాక్రిలిక్ గ్రే, కుంచెతోనే. మూడో కోటు ఆరాక రెక్క మీద వేలు పెడితే ఇసుక చల్లినట్టు గరుకు. కిటికీలు మూశాను, ఫ్యాన్ ఆపాను, చొక్కా విప్పి కూర్చున్నాను. మాది బోడుప్పల్. పక్క ప్లాటులో అపార్ట్‌మెంటు లేస్తోంది, పొద్దస్తమానం మార్బుల్ కోత. నా మాట ఒక్కటే: హైదరాబాద్‌లో కుంచెతో నలుసు లేని ఫినిష్ కుదరదు. కాదనేవాళ్లు ఎలాగో చెప్పండి.

బేగంబజార్ బాబాయి
నలుసు ఏ రంగులో ఉంది నాయనా? ముందు అది చెప్పు. గ్రే మీద గ్రే నలుసంటే మార్బుల్ పొడి కాదు, సీసా మూతి దగ్గర ఎండిన రంగు. మూత తిప్పినప్పుడల్లా ఆ పెచ్చు విరిగి లోపల పడుతుంది. పైగా మనం సీసా ఊపి మరీ కలుపుతాం. కుంచె సీసాలో ముంచకు. డ్రాపర్‌తో కొంచెం రంగు పాలెట్ మీదికి తీసుకో. అనుమానముంటే కోఠి ఫుట్‌పాత్ మీద దొరికే ఆడవాళ్ల సన్నటి నైలాన్ సాక్సు ముక్క కత్తిరించి వడగట్టు. పనయ్యాక మూతి తడిబట్టతో తుడిచి అప్పుడు మూత పెట్టు.
కుంచె సంగతి కూడా చూసుకో. వెంట్రుకల్ని పట్టి ఉంచే రేకు లోపల పాత రంగు ఎండి కూర్చుంటుంది. తడి తగలగానే పొట్టు పొట్టుగా కిందికి దిగుతుంది.

ఉప్పల్_రింగు
మేలో ఫ్యాన్ ఆపి పెయింట్ వేశారా? ముందు మీకో దండం.

మారుత్_24
బాబాయ్ గారూ, దుమ్ము మీద రంగు పూస్తే దుమ్ము కూడా గ్రేగానే కనబడుతుంది కదా. ఇదేం పరీక్ష?

బేగంబజార్ బాబాయి
బ్లేడు మొనతో నలుసును అడ్డంగా కోసి భూతద్దంలో చూడు. లోపలిదాకా గ్రే ఉంటే సీసాది. లోపల తెల్లగానో, నూలు పోగులాగానో ఉంటే గాలిది. ఇంతకీ సీసా మూతి చూశావా లేదా?

పాలిమర్_పిల్ల
ఇద్దరూ ఒకటి వదిలేశారు. కిట్ ప్లాస్టిక్ పాలిస్టైరీన్. పొడిగా ఎమెరీ రుద్దినా, పొడిబట్టతో తుడిచినా దానికి స్టాటిక్ పట్టి, చుట్టూ ఉన్న నూగునంతా లాక్కుంటుంది. నీళ్లతో తడిపి రుద్దండి. గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగితే అచ్చు నుంచి వచ్చిన జిడ్డు కూడా పోతుంది. బట్టతో తుడవకుండా గాలికే ఆరనివ్వండి. కోటు వేయగానే పైన ఒక డబ్బా బోర్లించండి. యాక్రిలిక్ అయితే అరగంటలో పైపొర ఆరుతుంది. ఎనామిల్ అయితే రాత్రంతా అలాగే ఉంచాలి, అది చాలాసేపు జిగటగా ఉండి దుమ్ము పడుతుంది.
ఇంకోటి, ఆ గ్రే రంగు టామియా కంపెనీ వాళ్లదా? అయితే కింది కోటు గట్టిపడకముందే రెండోది వేస్తే మొదటిది కరిగి ఉండలు కడుతుంది. అది దుమ్మూ కాదు, మూతీ కాదు.

మారుత్_24
టామియా కాదు, వల్లేహో. అందులో డ్రాపర్ మూతే ఉంటుంది. మరి బాబాయ్ గారి పెచ్చు ఎక్కణ్నుంచి ఊడిపడింది?

బేగంబజార్ బాబాయి
డ్రాపర్ ముక్కులో కూడా ఎండుతుంది. మొదటి చుక్క పాత గుడ్డ మీద పిండి, రెండోది వాడుకో. చూశావా లేదా అంటే జవాబే లేదు.

కంప్రెసర్
గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ కొనండి బాసూ, గొడవ వదిలిపోద్ది.

పాలిమర్_పిల్ల
ఏం వదలదు. ఈ ఎండలకి పలచన సరిగ్గా లేకపోతే రంగు గాల్లోనే ఆరి పొడిలా పడుతుంది, అదీ గరుకే.

మారుత్_24
ఇదిగో, ఈ "కొనండి బాసూ" అనే మాటకే నాకు ఒళ్లు మండేది. పోయినేడు ఒక మోడల్స్ ప్రదర్శనలో నేను కట్టిన నాట్ యుద్ధవిమానం మోడల్ పెట్టాను. జడ్జిగా వచ్చినాయన మొబైల్ టార్చ్ వేసి, రెక్కకు బెత్తెడు దూరంలో ముఖం పెట్టి, "కుంచె పని కదా, ఆ మాత్రం ఉంటాయిలెండి" అని నవ్వి పక్కకెళ్లాడు. పక్క టేబుల్ మీద కంప్రెసర్, స్ప్రే బూత్, ఏసీ గది ఉన్నవాళ్ల మోడల్స్. నాది రెండు గదుల ఇల్లు. ఇద్దరినీ ఒకే కొలతతో కొలుస్తారా? కుంచె వాళ్లకి విడిగా విభాగం పెట్టాలి.

బేగంబజార్ బాబాయి
అలా చెప్పు మరి! ఇందాకట్నుంచీ దుమ్ము దుమ్ము అంటున్నది ఇందుకా? తప్పు ఊరిదైతే నీకు మినహాయింపు ఇవ్వాలి, అంతేగా?
నేను ఒప్పుకోను. ముప్పావు వంతు జీవితం కుంచెతోనే గడిపాను. విడిగా విభాగం పెడితే ఆయన నవ్విన నవ్వుకి మనమే ముద్ర కొట్టినట్టు. నీ రెక్క మీది నలుసు పోగొట్టడానికి ఏసీ గది అక్కర్లేదు, సాక్సు ముక్కా, పైన బోర్లించే డబ్బా చాలు. ఇప్పుడున్న నలుసులు కూడా పోతాయి. రెండు రోజులు ఆరనిచ్చి, 2000 నంబరు వాటర్ పేపర్ తడిపి, చేతి బరువు వేయకుండా రుద్ది, పలచటి కోటు వెయ్.

మారుత్_24
మీకు చేయి తిరిగింది, అందుకే తేలిగ్గా అంటున్నారు. కొత్తగా వచ్చే పిల్లాడు ఆ టార్చ్ చూసి మళ్లీ కుంచె పడతాడా?

బేగంబజార్ బాబాయి
టార్చ్ వేయడం తప్పే. అది వేరే గొడవ.

ఉప్పల్_రింగు
అసలు గొడవే అది బాబాయ్.

కొత్త_చేయి
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. ఎనామిల్‌ని కూడా సాక్సుతో వడగట్టొచ్చా? టర్పెంటైన్ తగిలితే సాక్సు కరిగిపోదా?

బేగంబజార్ బాబాయి
నైలాన్‌కి ఏం కాదు. బాగా కలిపాకే వడగట్టు, లేకపోతే అడుగున పేరుకున్న రంగంతా సాక్సులోనే ఉండిపోతుంది.